ట్రాక్ ఎంచుకునేటప్పుడు చివరగా చూడాల్సింది లగ్ ఎత్తు

కొండల్లో స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి, స్లెడ్ అని కూడా అంటాం) నడిపేవాళ్ళ మధ్య ట్రాక్ మార్చే మాట వచ్చిందంటే మొదట వినిపించే ప్రశ్న ఒకటే: "లగ్ ఎంత?" రెండున్నర అంగుళాలా, రెండుముప్పావా, మూడా? లగ్ ఎంత పొడుగైతే ట్రాక్ అంత గొప్పదన్నట్టు మాట్లాడుకుంటారు. కొత్త మోడల్ కొనేవాళ్ళు కూడా స్పెసిఫికేషన్లలో ముందు ఆ అంకె కోసమే వెతుకుతారు. ఇది తప్పు వరస అని నా గట్టి అభిప్రాయం. నడిపే మంచు ఎలాంటిది, ఆ ఎత్తులో ఇంజన్‌కి ఎంత బలం మిగులుతుంది, టన్నెల్‌లో (ట్రాక్‌ని పైనుంచి కప్పే లోహపు డొప్పలో) ఎంత చోటుంది, డ్రైవర్లు (ట్రాక్‌ని తిప్పే పళ్ళ చక్రాలు) ఏ పిచ్‌వి అన్న నాలుగూ తేలాక లగ్ ఎత్తు దానంతట అదే తేలిపోతుంది. ముందు లగ్ ఎంచుకుని మిగతావన్నీ దానికి సర్దుకుంటూ వస్తే డబ్బూ పోతుంది, సీజనూ పోతుంది.

కొత్తవాళ్ళ కోసం రెండు మాటలు. ట్రాక్ అంటే స్లెడ్ కింద తిరిగే రబ్బరు పట్టీ. అది వంకర పోకుండా లోపల అడ్డంగా సన్నటి ఫైబర్‌గ్లాస్ కడ్డీలు పొదిగి ఉంటాయి. పట్టీ మీద నిలువుగా లేచి ఉండే రబ్బరు పలకలే లగ్స్. ట్రాక్ మీద 16×154×2.5 అని ఉంటే వెడల్పు 16 అంగుళాలు, చుట్టుకొలత 154 అంగుళాలు, లగ్ ఎత్తు రెండున్నర అంగుళాలు అని అర్థం. నిజానికి నాలుగో అంకె కూడా ఒకటుంది. అదే పిచ్, అంటే ఒక వరస లగ్స్‌కీ పక్క వరసకీ మధ్య దూరం. చాలామంది దీని గురించి అడగరు. బిగించే రోజున ఏడిపించేది మాత్రం ఇదే.

స్కీ-డూ కంపెనీ కొండ స్లెడ్ సమ్మిట్ 1994లో వచ్చింది. ఆ దశకం చివర్లో కూడా రెండంగుళాల లగ్ అంటే లోతైన ట్రాక్ కిందే లెక్క. 2015కల్లా అదే కంపెనీ 174 అంగుళాల పొడవు, మూడంగుళాల లగ్ ఉన్న సమ్మిట్‌ని ఫ్యాక్టరీ నుంచే అమ్మింది. ఈ పెరుగుదల వెనక నిజమైన ప్రగతి ఉందన్న మాట నేనూ ఒప్పుకుంటాను. ఒకప్పుడు ఆరితేరిన వాళ్ళు మాత్రమే ఎక్కగలిగిన చోట్లకి ఇప్పుడు సాధారణ రైడర్లు వెళ్తున్నారంటే అందులో ట్రాక్ పాత్ర చాలా ఉంది. కానీ ఆ స్లెడ్‌ని మూడంగుళాల లగ్ కోసమే తయారు చేశారు. టన్నెల్, డ్రైవర్లు, కూలర్లు (ఇంజన్ కూలెంట్‌ని చల్లబరిచేవి), గేరింగ్, క్లచ్ అన్నీ ఆ ట్రాక్‌కి తగ్గట్టే పెట్టారు. అందులోంచి ట్రాక్‌ని మాత్రం విడదీసి పాత స్లెడ్ కింద పెడితే అదే ఫలితం రాదు.

ముందు మంచు సంగతి. లగ్ చేసే పని మంచుని వెనక్కి నెట్టడం. మంచు ఎంత గట్టిగా నిలబడితే స్లెడ్ అంత ముందుకు పోతుంది. తేలికైన పొడి మంచుకి పట్టు తక్కువ. కొంచెం తోస్తే చాలు, చెదిరిపోతుంది. అక్కడ పొడుగు లగ్ ఒకేసారి ఎక్కువ మంచుని పట్టుకుంటుంది కాబట్టి నిజంగానే లాభం. బరువైన తడి మంచు అలా కాదు. దాని పట్టు బాగానే ఉంటుంది. అక్కడ పొడుగ్గా, మెత్తగా ఉన్న లగ్ పక్కకి వాలిపోతుంది, కాస్త పొట్టిగా, గట్టి రబ్బరుతో చేసిన లగ్ నిటారుగా నిలబడి లాగుతుంది. ఉటా కొండల్లో కురిసే కొత్త మంచులో నీటి వంతు సగటున 8 శాతం పైన ఉంటే, కాలిఫోర్నియా సియెర్రాలో 12 శాతం దాకా ఉంటుంది. పసిఫిక్ తేమ నేరుగా తాకే కాస్కేడ్ కొండల్లోనూ మంచు బరువే. ఉటాలో తిరిగేవాళ్ళు మెచ్చుకున్న ట్రాక్ వాషింగ్టన్ రాష్ట్రంలో ఒకాయనకి నచ్చకపోతే అందులో ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు. ఇద్దరూ చెప్పేది నిజమే, మంచే వేరు.

పైగా ఒకే కొండ మీద జనవరి మంచు, ఏప్రిల్ మంచు ఒకటి కావు. వసంతంలో రాత్రి గడ్డకట్టి, పొద్దున రాయిలా ఉండి, మధ్యాహ్నానికి చిత్తడి అయ్యే మంచు మీద మూడంగుళాల మెత్తటి లగ్ ఎంత ఇబ్బంది పెడుతుందో నాతో తిరిగే ఒక మిత్రుడి స్లెడ్ మీద దగ్గరగా చూశాను. పొద్దున లగ్స్ కొసల మీదే స్లెడ్ నడుస్తుంది. మూల తిప్పితే వెనక భాగం అటూ ఇటూ జారుతుంది. మధ్యాహ్నం థ్రాటిల్ ఇవ్వగానే అక్కడికక్కడే గోతి తవ్వుకుంటుంది. రబ్బరు గట్టిదనాన్ని డ్యూరోమీటర్ అంకెతో చెబుతారు. లగ్ ఎత్తు అడిగేవాళ్ళలో ఆ అంకె కూడా అడిగేవాళ్ళు అరుదు. నా దృష్టిలో లగ్ అర అంగుళం పెరగడం కంటే రబ్బరు సరైన గట్టిదనంలో ఉండటమే ఎక్కువ తేడా తెస్తుంది.

ఇక బలం. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) లేని ఇంజన్ ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ దాదాపు 3 శాతం శక్తి కోల్పోతుంది. సముద్రమట్టం దగ్గర 165 హార్స్‌పవర్ ఇచ్చే 850 సీసీ ఇంజన్ తొమ్మిది వేల అడుగుల దగ్గర ఇచ్చేది 120 మాత్రమే. పొడుగు లగ్ ఉన్న ట్రాక్ బరువెక్కువ, ఆ బరువు తిరిగే బరువు. ప్రతి లగ్ ఎత్తే మంచు కూడా ఎక్కువే. ఇంత పనికి 120 హార్స్‌పవర్ చాలకపోతే ట్రాక్ వేగం పడిపోతుంది. లోతైన మంచులో స్లెడ్‌ని పైన తేల్చేది ట్రాక్ వేగమే. వేగం పడిపోయిన మూడంగుళాల ట్రాక్ కన్నా, చకచకా తిరిగే రెండున్నర అంగుళాల ట్రాక్ ఎక్కువ దూరం ఎక్కుతుంది. 600 ఇంజన్ విషయంలో అయితే ఈ మాటలో నాకు ఏ సందేహమూ లేదు. స్కీ-డూ 2020 మోడల్‌తో ఫ్యాక్టరీ టర్బో తెచ్చి 8,000 అడుగుల దాకా 165 హార్స్‌పవర్ నిలబెట్టిన తర్వాత ఈ లెక్క కొంత మారింది. టర్బో ఉండి, పొడి మంచులోనే తిరిగేవాళ్ళు మూడంగుళాలు తీసుకుంటే వాళ్ళతో నేను వాదించను. వాళ్ళ ఎంపిక సరైనదే.

మిగతావాళ్ళకి, అంటే టర్బో లేని 800 లేదా 850తో సీజన్ మొత్తం రకరకాల మంచులో నడిపేవాళ్ళకి, రెండున్నర నుంచి రెండుముప్పావు మధ్య లగ్ చాలు. స్లెడ్ ఇంకా తేలాలంటే ముందు చూడాల్సింది పొడవు. లగ్ పెంచితే పట్టు పెరుగుతుంది, కానీ గొయ్యి తవ్వే గుణం కూడా పెరుగుతుంది. పొడవు పెంచితే అదే బరువు ఎక్కువ మంచు మీద పరుచుకుంటుంది. థ్రాటిల్ సగం కూడా ఇవ్వకుండా నెమ్మదిగా కదిలినా స్లెడ్ మునగదు. చెట్ల మధ్య తిరిగేటప్పుడు, ఆగి మళ్ళీ కదిలేటప్పుడు ఈ గుణం ఎంత విలువైనదో ఒక్కసారి అనుభవించినా చాలు. పొడవుకీ ఖరీదు ఉంది, తిప్పడం కష్టమవుతుంది. కుదురుగా నడిపేవాళ్ళకి 154, 155 దగ్గర మంచి సమతూకం దొరుకుతుందని నా నమ్మకం. వెడల్పు గురించి పెద్దగా చెప్పను. 15 అంగుళాలది వాలు మీద పక్కకి ఒరిగించడం తేలిక, 16 అంగుళాలది కాస్త ఎక్కువ తేలుతుంది. లోపలి కడ్డీలు అంచు దాకా రాకుండా ఆపి, అంచులు వంగేలా చేసిన ట్రాక్‌లు వచ్చాక ఆ తేడా కూడా తగ్గింది.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. ట్రాక్ మారగానే నిన్నటిదాకా ఎక్కలేని వాలు ఇవాళ ఎక్కగలుగుతాం. ఎక్కువ అవలాంచ్‌లు (కొండచరియల్లా విరుచుకుపడే మంచు) జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే. కొత్త ట్రాక్ మనల్ని తీసుకెళ్ళేది కూడా అక్కడికే. ట్రాక్ కోసం ఖర్చు పెట్టే సీజన్‌లోనే అవలాంచ్ కోర్సు కూడా చేయాలి. బీకన్ (మంచులో కూరుకుపోయినవాళ్ళని వెతికే రేడియో), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే కడ్డీ), పార లేకుండా బయల్దేరకూడదు. కొలరాడోలో అయితే రాష్ట్ర అవలాంచ్ కేంద్రం, కెనడా పశ్చిమాన అయితే అవలాంచ్ కెనడా ఇచ్చే బులెటిన్ చూడకుండా ట్రెయిలర్ తగిలించకూడదు. ట్రాక్ గురించి గంటలు గంటలు మాట్లాడుకునే మనం దీని గురించి ఐదు నిమిషాలు కూడా మాట్లాడుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు పిచ్. కొండ స్లెడ్‌లలో 2.86, 3.0, 3.5 అంగుళాల పిచ్‌లు కనిపిస్తాయి, పాత వాటిలో 2.52 కూడా ఉంటుంది. ట్రాక్‌ని తిప్పే పళ్ళ చక్రాలే డ్రైవర్లు. వాటి పళ్ళ మధ్య దూరం ట్రాక్ పిచ్‌కి సరిగ్గా సరిపోవాలి, దగ్గరగా ఉంటే చాలదు. చిన్న లెక్క చూడండి. 2.86 పిచ్‌తో 57 వరసలుంటే ట్రాక్ 163 అంగుళాలు. 3.0 పిచ్‌తో 54 వరసలుంటే 162 అంగుళాలు. రెండూ గ్యారేజీలో నేల మీద పడి ఉంటే కంటికి ఒకేలా కనిపిస్తాయి. కానీ ఒకదాని డ్రైవర్ మీద రెండోది తిరగదు. పన్నుకి 0.14 అంగుళం తేడా వస్తుంది. ట్రాక్ చుట్టుకున్న నాలుగు పళ్ళు దాటేసరికి అది అర అంగుళం పైన అవుతుంది. అందుకే "మీ స్లెడ్‌కి 162 సరిపోతుంది" అని చెప్పి పిచ్ మాట ఎత్తని అమ్మకందారు దగ్గర కొనవద్దు.

డ్రైవర్ మార్చడం తప్పేమీ కాదు. లోతైన ట్రాక్ పెట్టేవాళ్ళు చాలాసార్లు కావాలనే చిన్న డ్రైవర్‌కి వెళ్తారు, చోటు కోసం. ఎనిమిది పళ్ళ 2.86 డ్రైవర్ చుట్టుకొలత 22.88 అంగుళాలు, ఏడు పళ్ళ 3.0 డ్రైవర్‌ది 21 అంగుళాలు. వ్యాసార్థంలో తేడా 0.3 అంగుళం. రెండుంపావు లగ్ తీసి మూడు పెడితే ముప్పావు అంగుళం చోటు పోతుంది. చిన్న డ్రైవర్ వల్ల అందులో 0.3 వెనక్కి వస్తుంది. ఇంకా దాదాపు అర అంగుళం లోటే. ఈ లెక్క కాగితం మీద వేయకుండా "డ్రైవర్ మారిస్తే పట్టేస్తుంది" అనుకునేవాళ్ళే ఎక్కువ. దీనితోపాటు ఇంకో రెండు మార్పులు వస్తాయి. అదే ఆర్‌పీఎమ్ దగ్గర ట్రాక్ వేగం 8 శాతం తగ్గుతుంది, లాగే బలం ఆ మేరకు పెరుగుతుంది. లోతైన మంచుకి అది మంచిదే, కానీ గేరింగ్ మారిందన్న విషయం గుర్తుండాలి. రెండోది, చిన్న చక్రం చుట్టూ ట్రాక్ మరీ మెలిక తిరగాల్సి వస్తుంది, దానికి కొంత శక్తి ఖర్చవుతుంది. ఊరికే వచ్చేది ఏదీ లేదు.

చోటు కొలిచేది ఒక్క డ్రైవర్ ముందు మాత్రమే అనుకోవద్దు. లగ్ తగలగలిగే చోట్లు కొన్ని ఉన్నాయి: టన్నెల్ ముందు వైపున్న కూలర్, పైన కూలర్లు, వాటి రివెట్లు, స్నోఫ్లాప్ (వెనక వేలాడే రబ్బరు పలక) దగ్గరి చివర. స్లెడ్ నిలబడి ఉన్నప్పుడు అంతా బాగానే ఉంటుంది. ఎగిరి దిగినప్పుడు సస్పెన్షన్ పూర్తిగా అణిగిపోతుంది, ట్రాక్ పైకి వెళ్తుంది. వేగంగా తిరిగేటప్పుడు ట్రాక్ బయటి వైపుకి ఉబ్బుతుంది కూడా. అందుకని షాక్‌లు విప్పి, రాచెట్ స్ట్రాప్‌తో సస్పెన్షన్‌ని పూర్తిగా అణిచి కట్టి, ట్రాక్‌ని చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి చూడటం నేను ఎప్పుడూ వదలను. డ్రైవర్ దగ్గర, లగ్ కొసకీ దానికి దగ్గరగా ఉన్న లోహానికీ మధ్య అర అంగుళం కంటే తక్కువ ఉంటే ఆ ట్రాక్ ఆ స్లెడ్‌కి కాదని నా లెక్క. ముప్పావు ఉంటే నిశ్చింత. లగ్ వెళ్ళి కూలర్‌ని గీస్తే మొదట రబ్బరు అరుగుతుంది, తర్వాత కూలర్ అరుగుతుంది. కొండ మీద కూలెంట్ కారిపోతే ఇక స్లెడ్ అక్కడే.

బిగించే పనికి స్లెడ్‌ని పక్కకి పడుకోబెట్టాలి. పెట్రోలు, ఆయిలు, కూలెంట్ కారకుండా చూసుకుని, కింద పాత టైరో, మందపాటి అట్టో వేయాలి. ముందు ట్రాక్ టెన్షన్ పూర్తిగా వదులు చేసి, సస్పెన్షన్‌ని టన్నెల్‌కి పట్టి ఉంచే బోల్టులు తీస్తే స్కిడ్ (ట్రాక్ లోపలి సస్పెన్షన్ చట్రం) మొత్తం బయటికొస్తుంది. తర్వాత ఒక పక్క చెయిన్‌కేస్ నూనె తీసి, మూత విప్పి, గేర్లు, చెయిను తీయాలి. బెల్ట్‌తో నడిచే మోడల్ అయితే ఆ పుల్లీలు. రెండో పక్క బేరింగ్, స్పీడ్ సెన్సర్ వదులు చేస్తే డ్రైవ్‌షాఫ్ట్ కిందికి జారుతుంది. ప్రతి షిమ్ (సందు సర్దే పల్చటి రేకు), ప్రతి వాషర్ ఏ వరసలో వచ్చిందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఎలాగూ విప్పాం కాబట్టి డ్రైవ్‌షాఫ్ట్ బేరింగులు, సీలు కొత్తవి వేయడమే మేలు. తర్వాత దాని ఒక్కదాని కోసం ఇదంతా మళ్ళీ విప్పే ఓపిక ఎవరికీ ఉండదు.

షాఫ్ట్ మీద కొత్త డ్రైవర్లు ప్రెస్ చేయించేటప్పుడు రెండింటి పళ్ళూ ఒకే గీతలో ఉండాలి, వాటి మధ్య దూరం ట్రాక్ కిటికీలకి (పళ్ళు దూరే రంధ్రాలకి) సరిపోవాలి. ఒక పన్ను అటూ ఇటూ అయితే ట్రాక్ నిత్యం మెలిపడుతూ తిరుగుతుంది. డ్రైవర్లలో లోపలి లగ్స్‌ని తోసేవి ఒక రకం, కిటికీల్లోకి పళ్ళు దూర్చేవి ఇంకో రకం, రెండు పనులూ చేసేవి మరో రకం. లోతైన ట్రాక్‌కి రెండూ చేసేవి పెట్టుకోవడం నాకు ఇష్టం. వాటితో ట్రాక్ పళ్ళు దాటి దూకడం తగ్గుతుంది కాబట్టి టెన్షన్ కాస్త తక్కువ పెట్టుకోవచ్చు. ట్రాక్‌ని లోపలికి ఎక్కించే ముందు తిరిగే దిశ చూడండి. చాలా ట్రాక్‌ల మీద బాణం గుర్తు ఉంటుంది. లేకపోతే లగ్స్ లోపలికి గిన్నెలా వంగిన ముఖం మంచుని తోసే వైపు ఉండాలి. తిరగేసి బిగించి, అన్నీ మళ్ళీ విప్పిన వాళ్ళు తక్కువేమీ కాదు.

టెన్షన్ విషయంలో అంకెల కోసం మీ స్లెడ్ మాన్యువల్‌నే నమ్మండి. ట్రాక్ కింది భాగంలో ఒకచోట ఇంత బరువు వేలాడదీస్తే స్లైడ్‌కీ (ట్రాక్ లోపలి వైపు ఆని జారే ప్లాస్టిక్ పట్టీకీ) ట్రాక్‌కీ మధ్య ఇంత సందు రావాలని అందులో రాసి ఉంటుంది. మరీ బిగిస్తే శక్తి తినేస్తుంది, స్లైడ్‌లూ బేరింగులూ అరిగిపోతాయి. మరీ వదిలేస్తే బ్రేక్ వేసినప్పుడు, గట్టిగా థ్రాటిల్ ఇచ్చినప్పుడు డ్రైవర్ పళ్ళ మీంచి దూకి "టక్ టక్"మని మోగుతుంది. అలైన్‌మెంట్‌కి స్లెడ్ వెనక భాగాన్ని స్టాండ్ మీద గట్టిగా నిలబెట్టి, ఇంజన్ నెమ్మదిగా నడిపి, రెండు పక్కలా స్లైడ్‌కీ గైడ్ క్లిప్‌కీ (ట్రాక్ కిటికీల అంచున ఉండే లోహపు క్లిప్పుకీ) మధ్య సందు సమానంగా ఉందో లేదో చూడాలి. క్లిప్ ఏ వైపు స్లైడ్‌కి దగ్గరగా ఉంటే ఆ వైపు అడ్జస్టర్ కొద్దికొద్దిగా బిగించాలి. ఇంజన్ ఆపి, ట్రాక్ పూర్తిగా ఆగాకే చెయ్యి పెట్టాలి. ట్రాక్ తిరుగుతున్నంత సేపు వెనకాల ఎవరూ నిలబడకూడదు. ఊడిన క్లిప్పో, రాయో ఎంత వేగంతో వస్తుందో తలుచుకుంటేనే భయం. చివర్లో వెనక యాక్సిల్ బోల్ట్‌ని మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి బిగించడం మరిచిపోవద్దు. కొత్త ట్రాక్ మొదట్లో సాగుతుంది, కాబట్టి మొదటి రైడ్ కాగానే టెన్షన్, అలైన్‌మెంట్ రెండూ మళ్ళీ చూసుకోవాలి.

దాని తర్వాత క్లచ్. దీన్ని వదిలేసి "ట్రాక్ బాగాలేదు" అనేవాళ్ళని చూస్తే నాకు ట్రాక్ మీదే జాలి వేస్తుంది. బరువైన ట్రాక్ పెట్టగానే లోతైన మంచులో ఫుల్ థ్రాటిల్ మీద ఆర్‌పీఎమ్ పడిపోతుంది. ఇంజన్ తన పూర్తి శక్తినిచ్చే ఆర్‌పీఎమ్ ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. అంతకన్నా తక్కువ చూపిస్తే ప్రైమరీ క్లచ్ వెయిట్లు తేలిక చేయాలి, ఎక్కువ చూపిస్తే బరువు పెంచాలి. ఎత్తు మారినా ఇదే పని. ముందు భాగం మరీ లేచిపోతుంటే లిమిటర్ స్ట్రాప్‌ని (సస్పెన్షన్ ముందు భాగం మరీ సాగకుండా ఆపే పట్టీని) ఒక రంధ్రం తగ్గించి చూడొచ్చు. అది కూడా క్లచ్ సరిచేశాకే.

లోతైన లగ్‌కి ఇంకో ఖరీదు ఉంది, అది ట్రెయిలర్ దింపిన చోట నుంచి కొండ దాకా వెళ్ళే దారిలో కట్టాలి. గట్టిపడిన దారి మీద స్లైడ్‌లకి తడి అందదు, కూలర్లకి మంచు అందదు. పొడుగు లగ్స్ నిత్యం వంగుతూ లోపల వేడెక్కుతాయి. ఆ వేడికి రబ్బరు దెబ్బతిని లగ్స్ ముక్కలుగా ఊడటం మొదలవుతుంది. తయారీదారుల మాన్యువల్స్ కూడా ఈ హెచ్చరిక చేస్తాయి. ఐస్ స్క్రాచర్లు (దారిని గీకి స్లైడ్‌ల మీదికి మంచు పొడి లేపే కడ్డీలు) రెండు పక్కలా పెట్టుకుని, దారి మీద వేగం తగ్గించి, వీలైనప్పుడల్లా దారి అంచున మెత్తటి మంచులోకి దిగి వెళ్ళండి. మీ రైడ్‌లో ఎక్కువ భాగం దారి మీదే గడుస్తుంటే మూడంగుళాల ట్రాక్ మీకు పనికిరాదని నేను నిస్సంకోచంగా చెబుతాను. అలాంటివాళ్ళకి రెండుంపావు కూడా చాలు.

కొత్త ట్రాక్ కొనే స్తోమత లేకపోతే బెంగ పడక్కర్లేదు. కొత్త స్లెడ్ కొని వెంటనే ట్రాక్ మార్చేసేవాళ్ళు ఉంటారు కాబట్టి పెద్దగా వాడని ట్రాక్‌లు అమ్మకానికి దొరుకుతాయి. పిచ్ మొదట అడగండి. తర్వాత ట్రాక్‌ని వంచి లగ్ మొదట్లో పగుళ్ళున్నాయేమో చూడండి. కిటికీల అంచుల్లో దారాలు బయటపడ్డాయా, క్లిప్పులు ఊడాయా, కడ్డీలు ఎక్కడైనా విరిగాయా అన్నది ఒక్కో వరసా తడిమి చూడాలి. లగ్ కొసలు కొంచెం గుండ్రంగా అరిగినా ఫర్వాలేదు. కడ్డీ విరిగిన ట్రాక్ మాత్రం ఎంత చవకగా ఇచ్చినా వద్దు. ఆ విరిగిన కొస రబ్బరుని చీల్చుకుంటూ బయటికి వస్తుంది, తర్వాత పక్కనున్న కూలర్‌ని గీకుతుంది.